అత్త ట్రాక్టరుకి బొట్టు

మొన్న మనవరాలు నా పుట్టినరోజుకని ఒక డబ్బా తెప్పించి ఇచ్చింది. విప్పి చూస్తే పాతకాలపు ట్రాక్టరు, అదీ తయారైన బొమ్మ కాదు, ప్లాస్టిక్ ముక్కలు ఒక్కొక్కటే విడదీసి, గీకి, అతికించి, రంగులు పూసి మనమే చేసుకోవలసిన నమూనా. చేతులు వణికే మనిషికి ఇదేం కానుకే అని కోడలు విసుక్కుంది గాని, నేను మాత్రం ఆ సంబరంలో మధ్యాహ్నం నిద్ర కూడా మానేసి కూర్చున్నాను. లారీలు, టౌను బస్సులు, ట్రాక్టర్లు చిన్నవిగా చేసి అరలో వరసగా పెట్టుకుని మురిసిపోయే పిచ్చి నాకు పడుచుతనం నుంచీ ఉంది. పట్టకారుతో ఆ గోరంత సీటు ముక్కను పట్టుకుని వెలుతురుకి ఎత్తానో లేదో, చిల్లుల ఇనుప సీటు మీద నడుం నిలబెట్టి కూర్చున్న మా మేనత్త కళ్లముందుకొచ్చేసింది, ఇంక అతికించడం ఎక్కడ సాగుతుంది!

మాది అరవ దేశంలోని తుడియలూరు. బయట అరవం, ఇంట్లో మన తెలుగు, షెడ్డులో ఆ రెండూ కలిసిన ఇంకో భాష. ఆ షెడ్డులోనే మా నాయన పంపుల ఫౌండ్రీలకు చెక్క అచ్చులు చేసేవాడు. ఇనుముతో ఏది పోత పోయాలన్నా ముందు దాన్ని చెక్కలో చెక్కాలి, ఆ చెక్క మీద మట్టి దట్టించి, చెక్క తీసేసి, ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. చదువు ముగిశాక పెళ్లి కుదిరేదాకా ఊరికే ఉండడమెందుకని నేనూ అన్నతో పాటు అక్కడే ఉలి పట్టాను, ఊళ్లో నలుగురూ నాలుగు మాటలన్నా నాయన చెవిన పెట్టలేదు.

ఆ షెడ్డు మూలలో గోనెపట్టాల కింద ఒక పాత ట్రాక్టరు ఉండేది, హ్యాండిల్ తిప్పి పెట్రోలుతో మొదలుపెట్టి, వేడెక్కాక కిరసనాయిలుకి మార్చే రకం. అది అత్తది. అంటే కాగితాల్లో తాతదే. కానీ నాయనకు పెద్దక్క అయిన మా అత్త చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి వచ్చి, తాత మంచాన పడ్డాక, తమ్ముళ్లింకా బడికి పోయే పిల్లలుగా ఉన్నప్పుడు, తానే ఆ ట్రాక్టరెక్కి దున్ని పత్తి పండించి ఇంటిని నిలబెట్టింది. తరవాత పొలాలు పోయి షెడ్లు వచ్చాయి, అత్త వంటింట్లోకి, ట్రాక్టరు గోనెపట్టాల కిందికి చేరాయి.

ఆయుధ పూజ అంటే మా వైపు ఎంత పండగో మీకు చెప్పాలా! లేత్ మొదలుకుని సుత్తిదాకా అన్నీ కడిగి తుడిచి, గంధం, కుంకుమ పెట్టి, బండ్ల చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించేవాళ్లం. కానీ తాత పెట్టిపోయిన కట్టడి ఒకటుంది, నడిచే యంత్రానికే బొట్టు, నడవని దానికి లేదు. కుంకుమ పళ్లెం పట్టుకుని చిన్నాయన వరసగా పెట్టుకుంటూ వచ్చి, ఆ మూల దగ్గర పక్కకు తిరిగి వెళ్లిపోయేవాడు. అత్త ఆ సమయానికి ఏదో పనున్నట్టు అక్కడికి వచ్చి, కొంగుతో మడ్‌గార్డు తుడిచి వెళ్లేది. ఏడాది ఏడాదీ చూసేవాళ్లం.

ఆ ఏడు నవరాత్రి బొమ్మల కొలువులో పెట్టడానికి నేను అచ్చుల్లో మిగిలిన చెక్కతో ఆ ట్రాక్టరునే చిన్నదిగా చేస్తున్నాను. అత్త వచ్చి చూసి, పెదవి విరిచి, "ఏం కన్నూ, ముందు చక్రం అంత లావుగానా ఉండాది? పోయి చూసొచ్చి చెక్కు" అని, అరవంలో ముద్దుగా కన్నూ అంటూనే కసిరింది. గోనెపట్టాలు లాగి, స్కేలు పెట్టి కొలుస్తూ కొలుస్తూ, ఊరికే హ్యాండిల్ పట్టుకుని ఊపానా, అమ్మమ్మమ్మ, అది కదిలింది! ఇంజను బిగుసుకుపోలేదు! అన్నను కేకేశాను. పొగను బయటికి పంపే ఇనుప గొట్టాల కూర్పు, మ్యానిఫోల్డ్ అంటారే, అది రెండుగా పగిలి ఉంది. అదొక్కటి ఉంటే బండి లేస్తుందని అన్న ఎగిరి గంతేశాడు.

సరిగ్గా అప్పుడే చిన్నాయన బాంబు పేల్చాడు. "పూజ అయినంక దిండిగల్ పాత ఇనప యాపారి లారీ తెస్తాడు. ఆ జాగాలో ఇంకో లేత్ ఏస్తాం." అత్త గుమ్మంలో నిలబడి, నడిస్తేనో అని అడిగింది. "నడిస్తే ఉండిపోనీ అక్కా, నేనే బొట్టు పెడతా. నడవాల గదా!" అన్నాడు నవ్వుతూ. అత్త నవ్వలేదు. ఆమె మొహం చూశాక మాకు బొమ్మలూ లేవు, కొలువూ లేదు, ఆ పగిలిన ముక్క ఒక్కటే లోకమైపోయింది.

అలాంటి ముక్క ఎక్కడా దొరకదు, మనమే చెక్కాలి, పోయాలి. ఇనుము చల్లారితే కాస్త కుంచించుకుపోతుంది కాబట్టి చెక్క అచ్చును ఆ మేరకు పెద్దది చేస్తారు, అందుకోసం గీతలు కొంచెం ఎడంగా ఉండే స్కేలే వేరుగా ఉంటుంది. మరి మా ఇంటి తెలివి చూడండి! నాయన కొలతలు చెప్పేటప్పుడే ఆ పెంపు కలిపి చెప్పాడు, అన్న పలక మీద గీసేటప్పుడు తానూ కలిపాడు, నేను ఆ పెద్ద స్కేలుతోనే కొలిచి కోశాను. ఒకరికొకరం చెప్పుకోలేదు, ఎవరికి వారం మనమే గుర్తుపెట్టుకున్నామని లోలోపల పొంగిపోయాం. ఫౌండ్రీ నుంచి పోత వచ్చింది, తెచ్చి ఇంజను పక్కన పెట్టి చూస్తే బోల్టు ఒక్కటీ చోటుకి రాదు, గొట్టాల నోళ్లన్నీ పక్కకు పోయాయి! ఇంకో పోతకు వ్యవధి లేదు. నాకు ఏడుపొచ్చింది, అన్న సుత్తి విసిరేశాడు.

అత్త మాత్రం ఆ పోతను తిప్పి తిప్పి చూసి, ముగ్గురు కోడండ్లు ఉప్పేసిన పులుసురా ఇది అని పడీ పడీ నవ్వింది. ఆమె అలా నవ్వగా నేను అంతకుముందు చూడలేదు. "ఎక్కువైతే రాకుకోవచ్చురా, తక్కువైతేనే ఏడవాల. ఆకురాయి తేండి" అని కొంగు బిగించింది. ఇంక చూడాలి మా ఇంటి సందడి! నోళ్లు పెద్దవి చేయడం, అంచులు అరగదీయడం, పాత బోల్టు రంధ్రాలు వదిలేసి సరైన చోట కొత్తవి వేయడం, ఇంజనుకు పట్టి చూడడం, మళ్లీ రాకడం. నాయన, అన్న, నేను, దోసెలు పోస్తూ మధ్యలో అమ్మ, అందరికంటే ముందు అత్త, ముక్కుల్లో ఇనుప పొడి, చేతులనిండా బొబ్బలు. లేత్ కోసం నేల కొలవడానికి వచ్చిన చిన్నాయన కూడా కాసేపు చూసి, ఒక ఆకురాయి అందుకుని ఆ పక్కనే కూర్చున్నాడు.

పూజనాడు పొద్దున షెడ్డంతా అరటి పిలకలు, బంతిపూలు. అత్త చిల్లుల సీటెక్కి కూర్చుంది. అన్న హ్యాండిల్ తిప్పాడు, ఉలుకూ పలుకూ లేదు. నాయన తిప్పాడు, ఒకసారి దగ్గి ఊరుకుంది. అత్త కళ్లు మూసుకుని ఏదో మీట కొంచెం జరిపి, తిప్పు అన్నట్టు తలూపింది. ఈసారి చిన్నాయన తిప్పాడు. దబ్ దబ్ దబ్ మని షెడ్డు రేకులు అదిరిపోయాయి, నల్లపొగ మా మొహాలకు కొట్టింది, మేం గెంతులేశాం, అరిచాం, వీధిలోవాళ్లు పరిగెత్తుకొచ్చారు! అత్త దాన్ని గేరులో వేసి షెడ్డు దాటించి, నిమ్మకాయలు తొక్కించి, వాకిలి చుట్టూ తిప్పి తెచ్చి నిలిపింది. చిన్నాయన మాట మీద నిలబడ్డాడు, ట్రాక్టరు నుదురంతా గంధం పూసి పెద్ద బొట్టు పెట్టాడు.

అప్పుడు లేచింది మా అవ్వ, అత్తను కన్నతల్లి. ఆ రోజుల్లో భర్తలేని ఆడది కుంకుమ ముట్టేది కాదు, పూజ వరసలో నిలబడేదీ కాదు, అవ్వే ఆ కట్టుబాటును అందరికంటే గట్టిగా పాటించిన మనిషి. కర్ర పొడుచుకుంటూ వచ్చి కొడుకు చేతిలోని పళ్లెం తీసుకుంది. "నడిచే ఇనుముకు పెట్టినారు, సరి. ఈ ఇల్లు నడిపిన బిడ్డకు ఎవురూ పెట్టరా?" అని, సీటు మీదున్న కూతురి తల కిందికి వంచి, నుదుట బొట్టు పెట్టింది. అత్త వద్దనలేదు, స్టీరింగు వదలలేదు, చిన్నపిల్లలా భోరుమని ఏడ్చింది. ఇంజను మోతలో ఆ ఏడుపు వినబడలేదు గాని, మేమందరం ఏడ్చాం.

మొన్న ఈ కథంతా మనవరాలికి చెప్పాను. మ్యానిఫోల్డ్ గొడవకు పగలబడి నవ్వింది, ఇంజను లేచినప్పుడు చప్పట్లు కొట్టింది, చివర మాత్రం అయోమయంగా చూసి, బొట్టు పెడితే ఎందుకేడ్చారవ్వా అని అడిగింది. ఆ మాట అడగవలసి వచ్చినంతగా కాలం మారినందుకు నాకు నిజంగా సంతోషం. అయినా లోపల ఎక్కడో ఒంటరితనం. ఆ చిటికెడు కుంకుమ ఎంత బరువో చెప్పకుండానే తెలిసినవాళ్లం ఇంకెంతమందిమి మిగిలామో.