లేని గోదాము దగ్గర ఎడమకి

మా పేటలో అందరూ 'ఒకప్పుడు బాబాయ్' అనే ఆయన్ని దారి అడిగారో, మీ పని అయిపోయిందే! దారి చెప్పనని ఎవరినీ తిప్పి పంపడు. కాకపోతే ఆయన చెప్పే గుర్తులన్నీ కూలగొట్టి పాతికేళ్లు దాటి ఉంటాయి.

"తాళ్ల గోదాము దగ్గర ఎడమకి తిరగండి. ఐసు ఫ్యాక్టరీ రాగానే కుడికి."

"తాళ్ల గోదాము ఎక్కడుందండీ?"

"ఇప్పుడెక్కడుంది? ఒకప్పుడుండేది!"

రేవులో ముప్పై ఏళ్లు క్రేను నడిపి రిటైరైన మనిషి. పొద్దున్నే నీటి ఒడ్డున బెంచీ మీద గొడుగు విప్పుకుని కూర్చుంటే భోజనానికి తప్ప లేవడు. ఆ పేటలో ఏ గోడ వెనక ఏముండేదో ఆయనకి కంఠతా వచ్చు. పడవల మోకులు రాసుకుని గట్టురాయికి పడిన గాడిలో మీ చేత వేలు పెట్టించి మరీ చూపిస్తాడు. బస్తాలు మోసేవాళ్లు పాడుకున్న పాటలు కూడా పాడతాడు, గొంతు మాత్రం అచ్చం క్రేనుదే. కళ్లజోడు ఎక్కడ పెట్టారని పిన్ని అడిగితే "అలమారా మీద" అంటాడు. ఆ అలమారా ఇల్లు దాటి పదేళ్లయింది.

ఆయన దెబ్బ అందరికంటే ఎక్కువ తిన్నది వెనక సందులో కాన్వాసు సంచులు కుట్టే అక్క. ముత్తాత నాడు అది తెరచాపలు కుట్టే కొట్టు. ఒడ్డున కొత్త నడకదారి వేశాక జనమంతా అటే పోయారు.

"నెలాఖరుకి కొట్టు మూసేస్తున్నా బాబాయ్. సందులోకి కాకి కూడా తొంగి చూడట్లేదు," అని ఓ సాయంత్రం ఆయన ముందు కళ్లు తుడుచుకుంది.

"మీ కొట్టు గుమ్మానికి ఒకప్పుడు ఇత్తడి గంట ఉండేది, తెలుసా?" అన్నాడు ఆయన. ఓదార్పంటే అంతే! అక్కకి ఒళ్లు మండిపోయింది.

మర్నాటి నుంచి మొదలైంది.

"అమ్మా, పడవలెక్కే చోటెక్కడ? ఇత్తడి గంట దగ్గర తిరగమన్నారు, గంటేమో కనబడట్లేదు!"

ఒకరా, ఇద్దరా! చెమటలు కక్కుకుంటూ వచ్చినవాళ్లని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, అసలు దారి చెప్పేది. వాళ్లు ఊరుకుంటారా? అక్క అరచేతికి తోలుపట్టీ కట్టుకుని లావుపాటి సూదిని కాన్వాసులోకి నెట్టడం నోరు తెరుచుకు చూసేవారు. వెళ్లేటప్పుడు సంచి కొనేవారు. మళ్లీ నలుగుర్ని వెంటేసుకొచ్చేవారు. నెలాఖరు వచ్చిపోయిందని కూడా అక్కకి తెలియలేదు. ఊపిరి తీసుకునే తీరిక ఉంటే కదా!

చివరికి ఓరోజు కొంగు బిగించి బయల్దేరింది. "ఇవాళ తేల్చేస్తా! ఈయన దారి చెప్పడం, నేను దిద్దడం!"

బెంచీ దగ్గరికొచ్చి టక్కున ఆగిపోయింది. పడవలెక్కే చోటు సరిగ్గా ఆయన వీపు వెనకే ఉంది, గట్టిగా ముప్పై అడుగులు. అక్కడో పెద్ద బోర్డు, దాని మీద బాణం గుర్తు. ఆ బోర్డు దారిన పోయేవాళ్లకి కనబడకుండా గొడుగు అడ్డం!

అప్పుడే ఓ జంట వచ్చి దారి అడిగింది.

"తాళ్ల గోదాము దగ్గర ఎడమకి..." అంటూ బాబాయ్ గొడుగు ఇంకాస్త పక్కకి జరిపాడు.

వాళ్లు వెళ్లాక అక్క ఎదురుగా వచ్చి నిలబడింది. బిగించిన కొంగు వదులు చేసుకుంది. ఈ ముసలాయన మీద ఎక్కడలేని ప్రేమ పొంగుకొచ్చింది.

"ఆ గొడుగెందుకు బాబాయ్?"

"ఎండమ్మా."

"ఆకాశమంతా మబ్బేగా! ఎండెక్కడుంది?"

బాబాయ్ తల పైకెత్తి చూశాడు. దొరికిపోయాడు. అయినా తొణకలేదు.

"ఒకప్పుడుండేది," అన్నాడు.

వారం తిరక్కుండా అక్క ముత్తాత కత్తెరతో మంచి కాన్వాసు కత్తిరించి, ఆయనకో పెద్ద గొడుగు కుట్టి తెచ్చింది. పాతది బాణం చివరని సరిగ్గా కప్పడం లేదట.