పిట్టలెన్ని మిగిలాయి

పటాన్‌చెరు బస్టాండు వెనక సందులో ఫోన్లు బాగుచేసే దుకాణాలు వరుసగా ఉంటాయి. చివరి షట్టరు లింగానిది. పక్కవాళ్లు ఏ ఫోన్ వచ్చినా పట్టుకుంటారు. ఈయన మాత్రం ఒక్క వస్తువు తప్ప ఇంకోటి ముట్టడు. దాని పేరు పిట్ట. అరచేతిలో ఇమిడే ఆటల కంప్యూటర్ అది. చిన్న తెర, దాని కింద గోరంత మీటలు. ఆటలు ఆడొచ్చు, ఓపికుంటే మన ఆటలు మనమే రాసుకోవచ్చు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కలే ఒక ఫ్యాక్టరీలో తయారయ్యేది. పెద్ద ఫోన్లు వచ్చాక పిట్టను కొనే నాథుడు లేక ఆ ఫ్యాక్టరీ మూతపడింది. తోటి పనివాళ్లంతా మందుల కంపెనీల్లోకో, ముత్తంగి గోదాముల్లోకో సర్దుకున్నారు. ఆఖరి స్క్రూలు బిగించే లింగం మాత్రం పిట్టనే పట్టుకుని వేలాడాడు.

వేలాడేవాడికి చేతులు నొప్పి పుట్టవా? మెడ పట్టేసింది, కళ్లు మసకబారాయి. ఈ మధ్య పొద్దున షట్టరు ఎత్తడానికే ఒళ్లు సహకరించడం లేదు.

"ఇడిసిపెట్టరాదు? గోదాంల పని దొరుకుతది, సుఖంగ ఉంటవు" అని భార్య నర్సింహమ్మ అంటే, "బ్యాటరీలు రానీ, సూద్దాం" అనేవాడు.

దుకాణం ఉంటుందా మూతపడుతుందా అన్నది ఆ బ్యాటరీల మీదే ఆధారపడి ఉంది. పిట్టలో ఏది చెడినా లింగం బాగుచేస్తాడు గానీ బ్యాటరీని ఏం చేయగలడు? పాతవి ఉబ్బిపోతున్నాయి. ఆ కొలతవి బజారులో లేవు. కర్దనూరు దగ్గర బ్యాటరీలు కట్టే చిన్న షెడ్డు నడుపుతున్న హరినాథ్ ఒకప్పుడు పిట్ట ఫ్యాక్టరీలో అతనికి షిఫ్ట్ ఇన్‌చార్జి. ఎండాకాలంలో వెళ్లి బతిమాలితే ఆయన ఒక్కటే అడిగాడు.

"చేస్త గానీ లింగం, ఐదువందలన్న పోకపోతే నాకు గిట్టదు. బీరువల దాచుకున్నోళ్ల ముచ్చట వద్దు. ఇప్పటికీ వాడెటోళ్లు ఎంతమందున్నరో చెప్పు."

"నా చేతుల మీదికెల్లి వెయ్యి పిట్టలు పోయినయి సార్" అన్నాడు లింగం గుండె మీద చెయ్యి వేసుకుని.

కావాలని ఆడిన అబద్ధం కాదు. ఇన్నేళ్లలో అన్ని రిపేర్లు చేశాడు మరి. పిట్టలున్నవాళ్ల ఫోన్ గ్రూపులో అడిగినా "నాకుంది, నాకుంది" అని వందలమంది పలికారు. హరినాథ్ ఇంకో మాట అడగలేదు. లింగం చెబితే రాయి మీద గీత అని ఆయన నమ్మకం. డబ్బు సర్దుకునేసరికి వానాకాలం వచ్చింది; చివరికి వచ్చే సోమవారం ముడిసరుకుకు ఆర్డరు పెడతానన్నాడు.

దానికి రెండు రోజుల ముందు, శనివారం, తెల్లాపూర్ నుంచి తనుశ్రీ వచ్చింది. ఐటీలో పనిచేసే అమ్మాయి, చదువుకునే రోజుల నుంచీ పిట్ట వదలని మనిషి.

"మళ్లీ పోయింది అన్నా. నాలుగోసారి. మిమ్మల్ని పరేషాన్ చేస్తున్న కదా!"

"పరేషానేముంది మేడం, బ్యాటరీలొస్తే ఇగ నా మొకం గూడ సూడరు" అంటూ లింగం పిట్టను తిరగేశాడు.

అతనికో అలవాటుంది. బాగుచేశాక మూల స్క్రూ మీద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెడతాడు. మధ్యలో ఇంకెవరైనా విప్పితే చుక్క పగిలి తెలిసిపోతుంది. మళ్లీ తనే విప్పితే పగిలిన చుక్కను అలాగే ఉంచి పక్కన కొత్తది పెడతాడు. తనుశ్రీ పిట్ట మీద మూడు చుక్కలున్నాయి. రోజూ చూసేవే. కానీ ఇవాళ వాటిని చూస్తుంటే చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. ఈ ఒక్క పిట్టే తన వెయ్యిలో మూడయి కూర్చుంది.

బాగుచేయాల్సినవన్నీ ఒక్కొక్కటే తిరగేశాడు. కొన్నింటికి నాలుగు చుక్కలు, కొన్నింటికి ఐదు. ఒకదానికైతే కొత్త చుక్కకు చోటే లేదు. చుక్క లేని పిట్ట చివరిసారి ఎప్పుడొచ్చిందో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. గొల్లవాడు తన గొర్రెలకు రంగు పూస్తాడు. బీడులో ఏ గొర్రెను పట్టుకున్నా తన రంగే కనిపిస్తుంటే, ఇక అక్కడ వేరే గొర్రెలు లేవనే కదా అర్థం! ఇతని దగ్గరికి రాకుండా నడుస్తున్నవి ఉంటాయా అంటే, ఇంత పాత పిట్ట రిపేరు లేకుండా నడవదని అతనికి కాక ఎవరికి తెలుసు?

"గ్రూపుల నాకుంది నాకుంది అన్నోళ్లు నిజంగ ఆడుతరా మేడం?"

"ఏమో అన్నా. పారెయ్య బుద్ధిగాక ఉంచుకున్నోళ్లే ఎక్కువేమో."

మళ్లీ మళ్లీ వచ్చినవీ, రావడం మానేసినవీ తీసేస్తే, ఇంకా ఆడేవాళ్ల లెక్క ఎంత లాగి సాగదీసినా వంద దాటడం లేదు.

ఆదివారమంతా అన్నం సహించలేదు. నోరు మూసుకుంటే చాలు, బ్యాటరీలు వస్తాయి, దుకాణం ఇంకో రెండేళ్లు నడుస్తుంది. అమ్ముడుపోని బ్యాటరీలు హరినాథ్ షెడ్డులో పడి ఉండి చచ్చిపోతాయి. బ్యాటరీ వాడకపోయినా చస్తుంది, అదే దాంతో వచ్చిన చిక్కు. చివరికి నర్సింహమ్మకు చెప్పేశాడు.

"నీ మాట నమ్మినందుకు ఆయన మునగాల్నా? జల్దీ పోయి చెప్పిరా" అంది ఆమె. దుకాణం మూస్తే బాగుండునని కోరుకున్న మనిషే అయినా, ఆమె ముఖంలో సంతోషం లేదు.

సోమవారం షెడ్డు తెరవకముందే వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాడు. హరినాథ్ రాగానే దండం పెట్టి, దాచకుండా చెప్పాడు.

"తప్పైంది సార్. నేను చేసిన పని లెక్కవెట్టి పిట్టల లెక్క అనుకున్న. అవ్వే మల్ల మల్ల వచ్చినయి. వాడెటోళ్లు వంద లోపే."

హరినాథ్ ఫోన్ తీసి, ఆర్డరు వద్దని చెప్పి పెట్టేశాడు. లింగం తల ఎత్తలేదు. గేటు పక్క అట్టపెట్టె మీద కూలబడ్డాడు.

హరినాథ్ కూడా వచ్చి పక్కనే కూర్చున్నాడు. "ఆ వందమందిల నువ్వున్నవా లింగం?"

"లేను సార్."

"గదేంది? నీకు పిట్ట లేదా?"

"ఉంది సార్. బ్యాటరీ ఉబ్బి తెర పలిగింది, ఏండ్లాయె. అందరియి చేసిన. నాది చేసుకుందమని ఎప్పుడు కూసున్నా, ఎవలో ఒకలు తమది పట్టుకొని వచ్చెటోళ్లు."