వాన నీళ్ళలో గవ్వ

మా కోడలు పాలు వడకట్టి దండెం మీద ఆరేసిన గుడ్డ నుంచి ఈ ఉదయం తడినూలు వాసన వచ్చింది. ఆ వాసనతోనే నాకు సోమయాజులు మాస్టారు గుర్తుకొస్తారు. రాజమండ్రి బడిలో ఆయన పెద్ద పంతులు, నేను చిన్న పంతులును. పాఠం చెప్పడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. తికమకపడడమూ అక్కడే నేర్చుకున్నాను.

ఆయనకు బురద పిచ్చి. ఉప్పాడ పడవవాళ్ళు సముద్రం అడుగునుంచి తెచ్చిన బురదను పలుచని బట్టలో వేసి, నీళ్ళు పోసి కడిగేవారు. మన్ను జారిపోయి బట్టమీద ఇసుకరేణువులంత గవ్వలు మిగిలేవి. సూక్ష్మదర్శినిలో పెడితే ఒక్కొక్కటీ చుట్టలు తిరిగిన నత్తగుల్లలా కనిపించేది. ఆ తరువాత పెనుగొండలో బావి తవ్వితే వచ్చిన నల్లమట్టిని కడిగాం. అందులోనూ అవే గవ్వలు! ఇక మాస్టారి కాలు నేలమీద నిలవలేదు. ఆ ఊరు ఒకప్పుడు సముద్రమేనని చెప్పడానికి పెద్దమనుషులతో సభ ఏర్పాటు చేయించారు.

సభకు ముందురోజు నేను ఊరికే అడిగాను. "రెండూళ్ళ మట్టినీ ఒకే బట్టలో కడిగామాండి?"

"మడిబట్టయ్యా అది! కడిగిన ప్రతిసారీ నీళ్ళలో ముంచి, ఎవరూ తాకకుండా ఆరేస్తున్నాను. అంతకంటే శుభ్రం ఏముంటుంది?" అని కసిరారు.

కాసేపటికి ఆయనే లేచారు. బిందెలో పట్టిన వాన నీళ్ళను ఆ బట్టలోనే వడకట్టి, మిగిలిన నలుసును సూక్ష్మదర్శిని కింద పెట్టారు. తరువాత నన్ను చూడమన్నారు. ఒక గవ్వ ఉంది. వాన నీళ్ళలో గవ్వ ఉండదు; అది బట్ట పోగుల్లో ఇరుక్కున్నదే.

"అయితే బావి మట్టిలో మనం చూసినవి ఎక్కడివంటావు?"

"తెలియదండి."

మళ్ళీ చూద్దామంటే బావి మట్టి అంతా కడిగేశాం. బావికి రాతికట్టు కూడా కట్టేశారు.

మర్నాడు మాస్టారు సభలో నిలబడి, "అక్కడ సముద్రం ఉండేదో లేదో నాకు తెలియదండి. నా బట్ట మడిగా ఉంది గాని ఖాళీగా లేదు" అన్నారు. కొందరు నవ్వారు, కొందరు లేచి వెళ్ళిపోయారు. నాకు ఆయన మీద కోపమూ వచ్చింది, కాళ్ళకు దండం పెట్టాలనీ అనిపించింది. ఏది సరైనదో ఈ వయసులోనూ తేల్చుకోలేకపోతున్నాను.

ఎవరైనా ఒక మాట గట్టిగా చెబితే, ముందు వాన నీళ్ళు వడకట్టి చూశారా అని అడగాలనిపిస్తుంది. నన్ను నేనూ అలాగే అడుగుతుంటాను. పెనుగొండ వెళ్ళినప్పుడల్లా ఆ బావి నీళ్ళు పుక్కిట పట్టి కాసేపు ఆగుతాను. ఒకసారి ఉప్పగా ఉన్నాయనిపిస్తుంది, ఒకసారి లేదనిపిస్తుంది. మాస్టారు ఉంటే ఏమనేవారో!