రేకులు ఎత్తొద్దని చెప్పిన రోజు

2021, ఎండాకాలం చివర. బర్మాలో సైన్యం ఫిబ్రవరిలో దేశాన్ని చేతిలోకి తీసుకుని మూడు నెలలు దాటింది. యాంగోన్ వీధుల్లో నిరసన ఊరేగింపులు అణిగిపోయాయి. సెల్‌ఫోన్లలో ఇంటర్నెట్ లేదు. ఊరి అవతల ఏం జరిగినా మనిషి వచ్చి చెబితేనే తెలిసేది. నేను యాంగోన్‌లోనే సంచౌంగ్ పేటలో మా అమ్మతో ఉంటూ, ఇరవై ఏళ్లుగా చేస్తున్న పనే చేస్తున్నాను. మ్యాపులు గీస్తాను. పొలాల హద్దులు, కాలువల ప్లాన్లు ఎవరు అడిగితే వారికి గీసిస్తాను. దాంతోపాటు ఇంకో పని కూడా ఉండేది. చెబితే మా చర్చిలో వాళ్లు నవ్వేవారు. సుడిగాలి నడిచిన దారిని కొలిచి మ్యాపు మీద పెట్టడం.

ఈ పనిని డామేజ్ సర్వే అంటారు. టోర్నడో పరికరాలకు చిక్కడం చాలా అరుదు. కాసేపట్లో వచ్చి పోతుంది. బర్మావాళ్లు దాన్ని ‘గాలి ఏనుగు తొండం’ అంటారు. అది పోయాక మిగిలేవి పడిపోయిన చెట్లు, ఎగిరిపడ్డ రేకులు. చెట్లన్నీ ఒకే దిక్కుకు ఒరిగితే అది మామూలు ఈదురుగాలి. దారికి రెండు పక్కలా ఉన్న చెట్లు లోపలికి, ఒకదాని వైపు ఒకటి ఒరిగితే గాలి గుండ్రంగా తిరిగినట్టు. అందుకే ప్రతి చెట్టు దగ్గరా కంపాస్ పెట్టి, అది ఏ దిక్కుకు ఒరిగిందో రాసుకుంటాం. ఆ దిక్కును బేరింగ్ అంటాం. ఊరివాళ్లు సర్దుకోవడం మొదలుపెట్టకముందే అక్కడికి చేరాలి. సర్దేశారంటే సాక్ష్యం పోయినట్టే. ఈ చివరి మాట కొత్తగా వచ్చినవాళ్లకు నేనే పాఠంలా చెప్పేదాన్ని. 

మా పరిశోధనకు పెద్ద డా న్వే. డా అంటే ఇక్కడ పెద్దావిడ పేరు ముందు గౌరవంగా చేర్చే మాట. ఆవిడ యూనివర్సిటీలో ఫిజిక్స్ చెప్పేది. సైన్యం కింద పనిచేయనని ఉద్యోగం వదిలేసింది. జీతం పోయింది, క్వార్టర్సు ఖాళీ చేయమంటే మా ఇంటికొచ్చి ఉంటోంది. ఆవిడకు మిగిలింది ఈ పని ఒక్కటే. మూడో మనిషి కో యే. యాంగోన్‌లోనే తాకేటా పేటలో టాక్సీ నడుపుతాడు. మేఘం నల్లబడితే చాలు, వచ్చిన బేరాన్ని కూడా వదిలేసి దాని వెంట పడతాడు. ఇలాంటివాళ్లను స్టార్మ్ ఛేజర్లంటారు. మా దగ్గరున్న మంచి ఫోటోలన్నీ అతనివే.

ఒక ఉదయం కో యే చెక్‌పోస్టులు దాటుకుంటూ మా ఇంటికి వచ్చాడు. ముందురోజు సాయంత్రం నది అవతల ట్వంటే దగ్గర అత్తవారింట్లో ఉండగా సుడిగాలిని చూశాడట. ఫోన్ తెరిచి చూపించాడు. మేఘం అడుగు నుంచి సన్నగా దిగిన తొండం, దాని కింద లేచిన దుమ్ము. ఆ ఫోటో చూసినప్పుడు డా న్వే ముఖంలో వెలుగు వచ్చింది. ఫిబ్రవరి తరవాత ఆవిడ ముఖంలో వెలుగు చూడడం అదే మొదలు.

ఫెర్రీలో నది దాటి, అద్దె బండి మాట్లాడుకుని వెళ్లాం. నా సంచిలో కొలత టేపు, కంపాస్, గుర్తు కోసం ఎర్ర గుడ్డ కట్టిన కొయ్యలు, మాకు మూడు అన్నం పొట్లాలు. అంతే.

అది పొలాల మధ్య కుండలు చేసుకునే చిన్న ఊరు. గాలి ఒక అంచునే కోసుకుంటూ పోయింది. అయిదారు ఇళ్లకు కప్పు లేదు. ఆరబెట్టిన పచ్చి కుండలు చితికిపోయి మట్టిలో మట్టిగా ఉన్నాయి. ఒక పెద్దాయన బురదలోంచి రేకు లాగుతున్నాడు. ఆయన భార్య పాదానికి గుడ్డ చుట్టుకుని ఎండలో కూర్చుంది. రేకు తగిలి కోసుకుందట. ఆమెకు నీడ చేద్దామని ఆయన తాపత్రయం.

డా న్వే దూరం నుంచే అరిచింది. “మార్తా, ఆ రేకు కదపొద్దని చెప్పు! ఎక్కడి నుంచి ఎగిరి ఎక్కడ పడిందో కావాలి.”

నా పేరు విని, నా ముఖం చూసి, ఆ పెద్దాయన తెలుగులో అడిగాడు. “నువ్వు మనోళ్ల పిల్లవా ఏటమ్మా?”

ఆయన పేరు అప్పలస్వామి, ఆమె నరసమ్మ. వాళ్ల తాతలు సిక్కోలు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లే. మా తాతలాగే.

“బాబాయ్, కాసేపు ఆ రేకులు ఎత్తకండి” అన్నాను. “పడ్డవి పడ్డచోటే ఉండాలి. కొలుచుకుంటాం.”

“కొలిసి ఏటి సేత్తారమ్మా?”

“రాసుకుంటాం.”

“సర్కారోళ్లా? ఏటైనా ఇత్తారా?”

“కాదు బాబాయ్. ఇది చదువు కోసం.”

“సదువుకా” అని ఒక్క క్షణం చూశాడు. “సదువంటే మంచిదే” అని, లాగిన రేకును మళ్లీ అదే గుంటలో పెట్టాడు. పక్కిళ్లవాళ్లకు కూడా కేకేసి చెప్పాడు. “రేకులు ముట్టకండర్రా, మన పిల్ల పనిమీద వచ్చినాది!” వెళ్లి భార్య పక్కన ఎండలో కూర్చున్నాడు.

కాసేపు అన్నది మధ్యాహ్నం దాకా సాగింది. వక్కచెట్ల దగ్గరికి వెళ్లాక మాకు ఇంకేమీ గుర్తులేదు. అవి రెండు పక్కల నుంచీ లోపలికి ఒరిగి, పుస్తకంలో బొమ్మలా పడి ఉన్నాయి. నేను బేరింగులు చెబుతుంటే కో యే కొయ్యలు పాతాడు. డా న్వే ఆ చెట్ల మధ్య నిలబడి, “ఎంత అదృష్టం, ఎంత అదృష్టం!” అంది బర్మా భాషలో. అప్పలస్వామి బాబాయ్ మా వెనకే మంచినీళ్లు పట్టుకుని వచ్చి ఉన్నాడు. ఆయనకు బర్మా భాష మాకంటే బాగా వచ్చు.

“అవునమ్మా, అదురుష్టమే. ఒక్క పేణం పోలేదు” అన్నాడు.

డా న్వే ఆ నీళ్లు తాగలేకపోయింది. నేను తాగాను. దాహంగా ఉంది.

అప్పుడే రోడ్డు మీద ట్రక్కు ఆగింది. నలుగురు సైనికులు దిగి గట్టు మీదుగా వచ్చారు. ఎర్రగుడ్డల కొయ్యలు వరసగా నిలబడి ఉన్నాయి. ఎర్రరంగు సైన్యం కూలదోసిన పార్టీ రంగని ఆ రోజుల్లో అందరికీ తెలుసు.

“ఏంటివి? ఎవరు మీరు?” అన్నాడు వాళ్ల నాయకుడు, డా న్వేను చూస్తూ. ఆవిడ ఉద్యోగం వదిలిన లెక్చరరని తేలితే జైలే. ఆవిడ నా వెనక్కి జరిగింది.

అప్పలస్వామి బాబాయ్ ముందుకొచ్చి, చేతులు కట్టుకుని బర్మా భాషలో చెప్పాడు. “మా అన్న కూతురండీ. ఇల్లు పోయిందని తెలిసి చూడ్డానికి వచ్చింది. ఆ పెద్దామె దాని స్నేహితురాలు, ఇతను బండి మనిషి. కొత్త పాక వేసుకోవాలి గదా, గుంజలకు కొలత పెట్టించుకుంటున్నా. గుడ్డ నా ఆడదాని పాత లుంగీ ముక్క.”

నాయకుడు నా సంచి లాక్కుని నేల మీద బోర్లించాడు. టేపు, కంపాస్, మూడు పొట్లాలు. పొట్లాలను బూటుతో కదిపాడు. మమ్మల్ని ముగ్గురినీ లెక్కపెట్టినట్టు చూశాడు.

“బంధువులింటికి కప్పు లేచిపోతే చూడ్డానికి వచ్చారా? వాళ్లకేం తెచ్చారు?”

నా జీవితంలో నన్ను అంత సూటిగా ఎవరూ అడగలేదు. అడిగినవాడు తుపాకి పట్టుకున్నవాడు. అయినా ప్రశ్న సరైనదే.

నరసమ్మ పిన్ని లేచింది. కోసుకున్న పాదం ఈడ్చుకుంటూ ఇటుకల పొయ్యి దగ్గరికి వెళ్లి మూత తీసింది. “బియ్యం తెచ్చిందయ్యా. రాగానే ఎసట్లో పోశాను. ఇదిగో, ఉడుకుతోంది. చూసుకో.”

అతను కుండలోకి తొంగి చూశాడు. తరవాత కొయ్యలన్నీ పీకించి ట్రక్కులో పడేయించాడు. చీకటిపడేలోగా వెళ్లిపొమ్మన్నాడు. ట్రక్కు మాత్రం ఊరు దాటలేదు. మలుపులో ఉన్న టీ కొట్టు దగ్గర ఆగింది.

“కూకోండి, తినండి” అంది పిన్ని గొంతు తగ్గించి. “ఆళ్లు సూత్తన్నారు. అయినోళ్లు తినకుండా ఎల్తారేటి?”

“వద్దు పిన్నీ. ఆ బియ్యం...”

“పక్కింటోళ్లు ఇచ్చినారు, రెండు పూటలకని. తినమ్మా. ఏడవకు, ఆళ్లు సూత్తే అనుమానం.”

తిన్నాం. మా పొట్లాలు కూడా విప్పి అందరి ఆకుల్లో వేశాం. అయినా నేను నమిలిన ప్రతి ముద్దా ఆవిడ రేపటిదే. పొద్దున్నుంచి ఆవిణ్ణి ఎండలో కూర్చోబెట్టిన మనిషిని నేను. ఆవిడ నాకే మారు వడ్డించింది. డా న్వే తల వంచుకుని తింటూ ఉంది. ఆవిడ కన్నీళ్లు ఆకులో పడడం చూసి నేను ముఖం తిప్పుకున్నాను.

ట్రక్కు వెళ్లాక మళ్లీ కొలుద్దామని ఎవరమూ అనలేదు. డా న్వే చీకటిపడేలోపు ఎత్తగలిగినన్ని రేకులు ఎత్తిపెడదామంది. ముగ్గురం రేకులు మోశాం. ఏది ఎక్కడ పడిందో రాసుకోకుండా, ఎవరింటివి వాళ్ల గోడలకు ఆనించాం. నా అరచేతులు తెగాయి. పని ముగిసేటప్పటికి జల్లు మొదలైంది. ఆ దంపతులు రెండు రేకుల కింద తలదాచుకున్నారు. ఆ రెండు రేకులూ ఉదయమే నీడగా లేచి ఉండవలసినవి.

పది రోజుల తరవాత బియ్యం బస్తా, టార్పాలిన్లు తీసుకుని కో యేతో కలిసి మళ్లీ వెళ్లాను. పిన్ని బస్తా విప్పి, కప్పు పోయిన ఇళ్లవాళ్లందరినీ పిలిచి సమానంగా పంచింది. తన వంతు కూడా అంతే. పాదం చీము పట్టి వాచి ఉంది. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను.

“అదేటమ్మా, మొన్న తెచ్చినావు, మల్లీ తెచ్చినావా?” అంది గట్టిగా, అందరికీ వినబడేలా. నవ్వింది. నలుగురిలో నా పరువు కాపాడడానికే అలా అందని తెలుసు. నేను నవ్వలేకపోయాను.

ఆ సుడిగాలి మ్యాపు నేను గీయలేదు. బేరింగులు చాలావరకు నా దగ్గరే ఉన్నాయి, గీయవచ్చు. డా న్వే ఎప్పుడూ అడగలేదు. ఆ తరవాత కూడా మేం సర్వేలకు వెళ్లాం. ఇప్పుడు ముందు బియ్యం, టార్పాలిన్లు, గాయాలకు మందు దించుతాం. కప్పులు నిలబెట్టాక, ఏమైనా మిగిలితే కొలుస్తాం. చాలాసార్లు ఏమీ మిగలదు. సాక్ష్యం పాడైపోతోందని కొత్తగా చేరిన కుర్రవాళ్లు నాతో వాదిస్తారు. పాడైపోనివ్వండి అంటాను. ఎందుకని వాళ్లు అడిగితే రేకు ఒక చివర వాళ్లకు అందిస్తాను.