తపస్సు శుక్రవారం నాడు తాబేలు

మా కాలేజీ జంతుశాస్త్రం ల్యాబులో పాము, తొండ, మొసలి పిల్ల సీసాల్లో ఉన్నాయి గానీ తాబేటి చిప్ప లేదు. కెమిస్ట్రీ లెక్చరర్ రాయప్పగారు, "మా ఊరు రండి సార్. పెద్దది పట్టించి పెడతాను. కూర మాకు, చిప్ప మీకు" అన్నారు. అలా మార్చిలో ఒక శుక్రవారం బయల్దేరాం. బెజవాడలో ఆరున్నరకి బందరు బస్సెక్కితే ఎనిమిది దాటాక పామర్రు. టికెట్ మూడు రూపాయలలోపే. ఉయ్యూరు చుట్టూ చెరకు, ఆ తర్వాత కోతకొచ్చిన మినుము చేలు. పామర్రులో ఇడ్లీ తిని, కాలవ గట్టు మీదుగా రిక్షాలో వాళ్ల ఊరు చేరాం.

పెరట్లో బానమూతంత తాబేలు వెల్లకిలా పడి ఉంది. మసాలా నూరడం కూడా అయిపోయింది. రాయప్పగారి కుటుంబం క్యాథలిక్కులు. ఈస్టరు ముందు తపస్సుకాలం శుక్రవారాల్లో మాంసం ముట్టరు, చేప తింటారు. తాబేలు నీళ్లలోది కాబట్టి ఆ ఇంట్లో చేప కిందే లెక్క.

"మీరు జంతువుల చదువు చదివారంటగా మాస్టారూ, ఇది చేపేగా?" అన్నారు వాళ్లమ్మ ఆరోగ్యమ్మగారు.

"కాదండీ. ఇది గాలి పీలుస్తుంది. పాములు, బల్లులు, మొసళ్ల కోవలోది" అన్నాను, క్లాసులో చెప్పినంత తేలిగ్గా.

ఆమె ముఖం పాలిపోయింది. "అయితే ఇన్నేళ్ల శుక్రవారాలూ మాంసం తిన్నట్టేనా బాబూ? మా ఆయన పోయాక ఆయన ఆత్మ కోసం ఉన్న ఉపవాసాలు కూడా వట్టియ్యేనా?"

ఏం చెయ్యాలో తోచక తాబేలును తిరగేశాను. అది మెడ చాచి, నిదానంగా ఊపిరి తీసి, నా వైపు చూసింది. కోడికిలాగే మొసలి గుండెకూ నాలుగు గదులు; ఆ లెక్కన అది కోడి పక్కన ఉండాలి. మా పుస్తకం బల్లి పక్కన పెట్టింది. తాబేలును ఎవరి పక్కన పెట్టాలో మా జంతుశాస్త్రం వాళ్లకే తెగలేదు. కృష్ణమ్మ ఈ మట్టిని ఇక్కడ పోయకముందు నుంచీ దాని జాతి ఇలాగే ఊపిరి తీస్తోంది.

"మా పుస్తకాల్లోవీ మనుషులు గీసిన గీతలేనమ్మా. చేప అని నమ్మి మీరున్న ఉపవాసం ఉపవాసమే" అన్నాను.

ఆమె మసాలా గిన్నె పక్కకు జరిపారు. "మీకే తేలందాన్ని నేనెట్టా తినేదండీ? ఒరే రాయప్పా, కాలవలో వదిలేద్దాం పట్టు." నూరిన మసాలా వంకాయల్లోకి పోయింది.

అటు వెళ్లాలనుకునేవారు వేసవికి కాలవలు కట్టేయకముందే వెళ్లండి; పొద్దున్నే గట్ల మీద తాబేళ్లు ఎండ కాగుతూ కనిపిస్తాయి. అంతకాలం పాఠాలు చెప్పిన నేను, ఒక ప్రాణిని దాని పేరును పక్కకు నెట్టి చూడడం ఆరోజే మొదటిసారి. ఉత్త చేతులతో తిరిగొచ్చినా వెలితి అనిపించలేదు. తాబేలు నీళ్లలోకి జారాక ఆరోగ్యమ్మగారు శిలువ గుర్తు వేసుకుని, కొడుకుతో మెల్లగా అన్నారు: "ఇయ్యాల్టిది మాత్రం మీ నాన్నకి చేరుద్దిరా."