సాన్వి లేని మొదటి ప్రయాణం: మదీనత్ అల్ షమాల్

దోహా పక్కనే అల్ రయ్యాన్‌లో ఏడేళ్లుగా ఉంటున్నా, ఖతర్ ఉత్తరపు కొసనున్న మదీనత్ అల్ షమాల్ మేం ఎప్పుడూ చూడలేదు. మా పాప సాన్వికి సముద్రమంటే ప్రాణం. పోయినేడు చలికాలం సెలవుల్లో అక్కడికే వెళ్దామనుకుంటుండగా దానికి మెదడువాపు జ్వరం వచ్చింది. వారం తిరక్కుండానే మాకు దక్కకుండా పోయింది. ఐదేళ్ల పిల్ల. అది జరిగి ఏడాది దాటింది. జగిత్యాల నుంచి మా అత్తయ్య ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట: "ఆ దుబాయ్ ఇడిసిపెట్టి వచ్చెయ్యిండ్రి." ఆవిడకు గల్ఫంతా దుబాయే. మా ఆయన రఘు సరేనన్నాడు. రాజీనామా ఇచ్చేముందు ఒక్కసారి ఆ సముద్రం చూద్దామని నేనే పట్టుబట్టాను.

జనవరిలో ఒక శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి బయల్దేరాం. రోజంతటికీ రెండువందల యాభై రియాళ్లకు కారు మాట్లాడుకున్నాం. డ్రైవర్ ఖాజాభాయిది నిజామాబాద్. అల్ షమాల్ రోడ్డెక్కితే తిన్నగా ఉత్తరానికే, గంటన్నరలోపు చేరిపోతాం. ఊరు దాటాక ఆయన మామూలుగానే అడిగాడు: "పిల్లలెంతమంది అక్కా?"

రఘు కిటికీ వైపు తిరిగాడు. ఎవరైనా ఆ ప్రశ్న అడిగితే "లేరు" అని తెంచేయడం ఆయనకు అలవాటైపోయింది. ఈసారి నేనే చెప్పాను.

"ఒక పాప. పోయినేడు జ్వరమొచ్చి చనిపోయింది."

"యా అల్లా!" అంటూ ఖాజాభాయి వేగం తగ్గించాడు. "పేరేందక్కా?" అన్నాడు.

ఏం జ్వరం, ఏ ఆసుపత్రి, ముందే తెలియలేదా అని అడిగినవాళ్లే అందరూ. పేరు అడిగినవాళ్లు లేరు. "సాన్వి" అన్నాను.

"బడిల సాన్వి. ఇంట్ల బుజ్జవ్వ," అన్నాడు రఘు. ఏడాదిలో ఆయన నోట ఆ పేరు వినడం అదే మొదలు. "అచ్చం మా అమ్మ లెక్కనే నడుం మీద చెయ్యి వెట్టి కొట్లాడుతుండె."

"దేనికి సార్?"

"పెరుగన్నంల చక్కెర ఎయ్యకుంటే ఇగ జూడు!"

ఖాజాభాయి నవ్వాడు. రఘు కూడా నవ్వాడు. నేనూ నవ్వబోయి ఏడ్చేశాను. ఊరుకోమని ఎవరూ అనలేదు. అక్కణ్నుంచి దారి పొడుగునా రఘు దాని కబుర్లే చెప్పాడు.

శుక్రవారం నమాజు అయ్యేదాకా షమాల్‌లో హోటళ్లు తెరవలేదు. ఒంటిగంటకు ఒక మలయాళీ హోటల్లో వేయించిన చేప, అన్నం, చారు తిన్నాం. ముగ్గురికీ డెబ్బై రియాళ్లయింది. రఘు రెండోసారి అన్నం అడిగి పెట్టించుకున్నాడు.

సముద్రం దగ్గరకు వెళ్లేసరికి నీళ్లు బాగా వెనక్కి తగ్గి ఉన్నాయి. ప్యాంటు మడిచి చీలమండల లోతు నీళ్లలో నడుస్తుంటే రఘుకు అత్తయ్య ఫోన్ వచ్చింది.

"ఎప్పుడొస్తుండ్రు బిడ్డా?"

"ఇప్పుడు రామమ్మా. ఎండకాలం సెలవులకు వచ్చి పోతం."

"ఆ దుబాయ్‌ల ఇంకేమున్నదిరా?"

"నా బిడ్డ నడక నేర్చిన జాగ ఉన్నదమ్మా. ఇడిసిపెట్టి రాలేను."

 అటువైపు నుంచి మెల్లగా, "సరే బిడ్డా. కోడలు తిన్నదా?" అని వినిపించింది.

దుఃఖం తీరిందని చెప్పను. కాకపోతే ఇన్నాళ్లూ ఇద్దరం చెరో గదిలో మోసినదాన్ని ఆ రోజు ఒక కారులో కలిసి మోశాం. ఇంటి దగ్గర దిగేటప్పుడు రఘు ఖాజాభాయితో, "వచ్చే నెల ఇంకో శుక్రవారం మాకు ఖాళీ ఉంచు భాయ్" అన్నాడు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట: ఆటుపోట్ల వేళలు చూసుకుని బయల్దేరండి. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు అక్కడ లోతుండదు, చిన్నపిల్లల్ని చెయ్యి పట్టుకుని చాలా దూరం నడిపించవచ్చు.