అలిగిన శంకునత్త

కోవిడ్ మాస్కులు తీసేసిన ఏడాది నన్ను సింగపూర్ వన్-నార్త్‌లోని ఒక పరిశోధనశాలలో సీనియర్ లాబ్ ఆఫీసర్‌గా వేశారు. హోదా పెద్దదే, పని మాత్రం ఉప్పునీటి తొట్లకు కాపలా. అందులో ఒక తొట్టి శంకునత్తది. షోకేసులో పెట్టుకోవాలనిపించే చారల గుల్ల. దాని జాతిలో మనిషిని చంపగలిగినవీ ఉన్నాయి, విరుగుడు లేదు. అందుకే మూత తీస్తే ఇద్దరుండాలి. నీళ్లలోకి పటకారే పోవాలి, చెయ్యి పోకూడదు.

రెండో మనిషి శ్రావణి. గుంటూరమ్మాయి, ఊరికి ఆ చివరనున్న పుంగ్గోల్ నుంచి వచ్చేది. ఆ విషంలో నొప్పికి మందు వెతకడం ఆమె పరిశోధన. విషం ఆగితే ప్రాజెక్టు లేదు, ప్రాజెక్టు లేకపోతే ఈ దేశంలో ఉండనిచ్చే వర్క్ పాస్ లేదు.

విషం తీయడాన్ని మేం పితకడం అనేవాళ్లం. చిన్న గొట్టం మూతికి రబ్బరు పొర బిగించి, దానిమీద చేప రెక్క ముక్క అంటించి చూపిస్తాం. నత్త చేపనుకుని తొండం చాచి పొడుస్తుంది. తొండం చివర సూదిలాంటి బోలు పన్ను. ఒక్క పోటుకే అది సరి, తర్వాత లోపలి అమ్ములపొదిలోంచి ఇంకోటి వస్తుంది. విషం పడ్డ గొట్టంతో నేను ఫ్రీజర్‌కు పరుగెత్తితే, మూతకున్న కంతలోంచి బతికున్న చేపను వదలడం శ్రావణి వంతు.

ఈ నత్త గురించి నేను చెప్పని గొప్పలు లేవు. స్టీలు గరిటెకు చిల్లు పెట్టిందన్నాను.

"మీరేం చెప్పినా నాలుగుతో భాగిస్తా అంకుల్," అనేది శ్రావణి. పోటు తగిలిన చేప రెప్పపాటులో కర్రలా బిగుసుకుపోతుందన్నా భాగించేసింది.

ఉన్నట్టుండి నత్త పొడవడం మానేసింది. నీళ్లు మార్చాం, రబ్బరు మార్చాం. లాభం లేకపోయింది. ఈ నెల చూసి ప్రాజెక్టు మూసేద్దాం లా, అన్నారు లాబ్ నడిపే మా మేడమ్, ఇక్కడివాళ్ల 'లా' చివర తగిలించి.

ఓ రోజు మేత చేపల తొట్టి దగ్గర ఆగాను. తగ్గాల్సిన చేపలు తగ్గలేదు సరికదా, బాగా బలిశాయి.

"అమ్మాయ్, వీటిని వేస్తున్నావా?"

శ్రావణి తల దించుకుంది. "మా ఇంట్లో కోడిగుడ్డు కూడా తేరంకుల్. బతికున్నదాన్ని ఎలా వదలను? చచ్చినవి వేశా, ముట్టలేదు."

"జీతమివ్వకపోతే నువ్వైతే ఎన్నాళ్లు వస్తావు?"

ఆమె వల తీసుకుని ఓ చేపను పట్టింది, వదిలింది. నత్త ఇసుకలో ఉంది, ఊపిరి గొట్టం ఒక్కటే పైకి కనబడుతోంది. తొండం రావడం నాకూ కనబడలేదు. ఈదుతున్న చేప ఈదుతున్నట్టే ఆగిపోయింది, రెక్కలు విచ్చుకుని, ఫొటోలో చేపలాగా. తర్వాత నత్త నోరు గరాటులా తెరుచుకుని దాన్ని నిదానంగా లోపలికి తీసుకుంది. చప్పుడు లేదు.

"అంకుల్," అంది శ్రావణి, "మీరు తక్కువ చేసి చెప్పారు."

నా సర్వీసులో ఆ మాట నన్ను అన్నవాళ్లు లేరు.

కొన్ని మేతల తర్వాత నత్త మళ్లీ గొట్టాన్ని పొడిచింది. ప్రాజెక్టు నిలిచింది. నేను నేర్చుకున్నది ఇంతే: పితికిన రోజే మేత పెట్టాలి. ఉత్త రబ్బరును నత్త కూడా కొన్నాళ్లే నమ్ముతుంది. గరిటె కథ మానేశాను. ఆ నత్తకు నా సాయం అక్కర్లేదు.